మూలుగ మార్చిన బిడ్డకు ఊరంతా కాపలా
వేలూరు నుంచి ఇల్లు చేరాకే అసలు సేవ – చూడబోకపోవడమే పెద్ద పరామర్శ

పలమనేరు: పెద్దాసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషిని చూడబోకపోతే మన పల్లెల్లో తప్పుగా ఎంచుతారు. అరటిపండ్లో, హార్లిక్స్ సీసానో పట్టుకుని వెళ్లి, మంచం పక్కన కాసేపు కూచుని, నాలుగు ధైర్యపు మాటలు చెప్పి రావడం తరతరాల మర్యాద. ఆ మర్యాద మంచిదే. కాని ఒక్క రోగి విషయంలో మాత్రం దానిని కొంతకాలం పక్కన పెట్టవలసి ఉంటుంది. ఎముక మూలుగ మార్పిడి చేయించుకుని ఇంటికి వచ్చిన వారి సంగతి అది. వారిని చూడటానికి పదిమంది పోతే పది రకాల క్రిములు పోయినట్లే. ఆరోగ్యంగా ఉన్న మనకు రెండు రోజుల జలుబుతో పోయేది వారికి ప్రాణం మీదికి రావచ్చు.

వేలూరు మన జిల్లాకు పక్కనే ఉన్నది. చిత్తూరు నుంచి కాట్పాడికి గంట ప్రయాణం. ఒకప్పుడు గొప్పవారికి మాత్రమే అనుకున్న ఈ వైద్యం ఇప్పుడు మన పల్లెల రైతు కుటుంబాల వారు కూడా అప్పో సప్పో చేసి చేయించుకుంటున్నారు. ఆసుపత్రిలో వైద్యులు, నర్సులు రేయింబవళ్లు కనిపెట్టి ఉంటారు. ఇంటికి వచ్చాక ఆ పని తల్లి మీదనో, భార్య మీదనో పడుతున్నది. ఆ ఇంటికి ఊరు ఎలా తోడ్పడాలో తెలియక, తెలిసీ తెలియని సాయంతో చేటు చేసే సందర్భాలు లేకపోలేదు. అందుకే ఈ వివరాలు.

మూలుగ అంటే ఏమిటి?

పొట్టేలు కాలి ఎముకను కొరికితే లోపల నుంచి వచ్చే మెత్తని గుజ్జు అందరికీ తెలిసిందే. మనిషి ఎముకల్లోనూ అటువంటి మూలుగ ఉన్నది. ఒంట్లో రక్తం తయారయ్యేది అక్కడే. ఊపిరిని మోసే ఎర్ర కణాలు, క్రిములతో పోరాడే తెల్ల కణాలు, గాయం తగిలినప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడ పుట్టినవే. కొందరికి ఈ మూలుగ ఎండిపోతుంది. దీనినే ఎప్లాస్టిక్ ఎనీమియా అంటారు. రక్త క్యాన్సర్‌లో పాడు కణాలు పెరుగుతాయి. తలసీమియా ఉన్న పిల్లలకు పుట్టుకతోనే మంచి రక్తం తయారు కాదు. ఇటువంటి జబ్బులు కొన్నింటికి మూలుగ మార్పిడి చేస్తారు.

అమెరికాకు చెందిన డాక్టర్ డానల్ థామస్ 1957లో ఈ చికిత్సకు నాంది పలికారు. అందుకు ఆయనకు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలోను, 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలోను ఇది ఆరంభమైనది. ఇప్పుడు హైదరాబాదు వంటి నగరాల్లోనూ జరుగుతున్నది.

పేరు వినగానే ఎముకలు కోసే పెద్ద ఆపరేషన్ అనుకుని భయపడేవారు ఉన్నారు. రోగికి కోత ఏమీ ఉండదు. ముందుగా ఘాటైన మందులిచ్చి, అవసరమైతే రేడియేషన్ కూడా ఇచ్చి, పాత మూలుగను తుడిచిపెడతారు. ఆ తరువాత దాత నుంచి తీసిన మూలకణాలను రక్తం ఎక్కించినట్టే నరం ద్వారా ఎక్కిస్తారు. అవి వాటంతట అవే ఎముకల్లోకి చేరి కుదురుకుంటాయి. రైతు భాషలో చెప్పాలంటే, మడి దున్ని పాత మొక్కలన్నీ తీసివేసి కొత్త నారు నాటినట్టు. నారు నాటిన రోజే కోత కోయలేము కదా! ఆ నారు వేరు పట్టడానికి సాధారణంగా రెండు మూడు వారాలు, పైరుగా నిలబడటానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది.

ఒక ఇంటి కథ

పలమనేరు ప్రాంతంలోని ఒక పల్లెలో అటువంటి పైరును కాపాడుకుంటున్న కుటుంబం ఉన్నది. వారి కోరిక మేరకు ఊరి పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న 19 ఏళ్ల యువకుడు. పండ్లు తోముకుంటుంటే చిగుళ్ల వెంట రక్తం, ఒంటి మీద అక్కడక్కడ కమిలినట్టు మచ్చలు, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పరీక్షలు చేయిస్తే మూలుగ ఎండిపోయిందని తేలింది.

తోబుట్టువుల మూలుగ సరిపడే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. ఇతనికి ఉన్నది ఒక్కతే అక్క. పెళ్లై పక్క మండలంలో ఉన్నది. ఆమె మూలుగ పూర్తిగా సరిపోయింది. అత్తవారింట్లో కొందరు "మూలుగ తీస్తే మనిషి కుంగిపోతుంది, రేపు బిడ్డలు పుట్టరు" అని వద్దన్నారు. ఆమె వినలేదు. నిజానికి దాతకు అటువంటి ముప్పు లేదు. మత్తు ఇచ్చి నడుము కింది ఎముక నుంచి గాని, చేతి నరం ద్వారా రక్తం నుంచి గాని కణాలు తీస్తారు. తీసినది కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుంది. పిల్లలు పుట్టడానికి, పని చేసుకోవడానికి అది అడ్డు కాదు. ఆమె నాలుగు రోజులు నడుము నొప్పి పడి, తరువాత మామూలుగా చేను పనికి పోయింది.

మార్పిడి తరువాత దాదాపు వంద రోజులు తల్లీ కొడుకులు వేలూరులోనే అద్దె గది తీసుకుని ఉన్నారు. వారంలో రెండు మూడు సార్లు పరీక్షలు. వంద రోజులు నిండాక ఇంటికి పంపారు. ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తున్నది.

"వంద దినాలు అయిపోయినాయంటే గండం గడిచిపోయినట్టే అని ఊర్లో అందురూ అనిరి. నేనూ అట్లే అనుకుంటిని. డాక్టరమ్మ మాత్రం, ఇంటికి పోయినాకనే నీకు పని జాస్తి అని చెప్పి పంపింది" అని ఆ తల్లి అన్నారు.

ఇల్లు ఎలా ఉండాలి?

కొత్త మూలుగ రక్తాన్ని తయారు చేస్తున్నా, క్రిములతో పోరాడే నేర్పు దానికి ఇంకా రాదు. పైగా దాత కణాలు రోగి శరీరాన్ని పరాయిదిగా భావించి దాడి చేయకుండా సైక్లోస్పోరిన్ వంటి మందులు ఇస్తారు. ఆ మందులు రోగనిరోధక శక్తిని ఇంకా అణచి ఉంచుతాయి. అంచేత పుట్టిన బిడ్డను చూసుకున్నట్టు చూసుకోవాలి.

పల్లెల్లో ముఖ్యంగా భయపడవలసింది బూజుకు. గడ్డివామిలో, పేడదిబ్బలో, తడిసిన చెనిక్కాయ పొట్టులో, కూల్చిన పాత గోడ దుమ్ములో కంటికి కనిపించని బూజు రేణువులు ఉంటాయి. అవి రోగి ఊపిరితిత్తుల్లోకి పోతే మామూలు మందులకు లొంగని న్యుమోనియా వస్తుంది. కనుక రోగి కొట్టంలోకి, కళ్లంలోకి పోరాదు. వామి లాగేటప్పుడు, చెనిక్కాయలు కొట్టేటప్పుడు, పక్క ఇల్లు పడగొట్టేటప్పుడు ఆ చుట్టుపక్కల ఉండరాదు. ఇంటికి సున్నం కొట్టించదలిస్తే రోగి రాకముందే ముగించుకోవాలి.

పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది. రోగి ఉండే గదిని తడిగుడ్డతో తుడవాలి. వాకిట్లో పేడకల్లాపి చల్లడం ఆ ఇంటివారు మానుకున్నారు. అవ్వకు మొదట మనసు ఒప్పలేదు. "కల్లాపి లేని వాకిలి ఏం వాకిలి?" అని నాలుగు దినాలు సణిగింది. ఇప్పుడు మంచినీళ్లు చల్లి ముగ్గు వేస్తున్నది.

కోళ్లు, కుక్కలు, పిల్లులు గదిలోకి రాకూడదు. పేడ ఎత్తిన చేతులతో, కొట్టంలో తిరిగిన బట్టలతో రోగి దగ్గరికి రాకూడదు. సబ్బుతో చేతులు కడుక్కోవడమే ఈ మొత్తం సేవలో అన్నిటికంటె పెద్ద మందు. రోగికి విడిగా తువ్వాలు, పళ్లెం, గ్లాసు ఉండాలి. చెప్పులు లేకుండా నడవకూడదు. వేపపుల్లతో పండ్లు తోమితే చిగుళ్లు గీసుకుని రక్తం కారవచ్చు గనుక మెత్తటి బ్రష్షు వాడాలి. పొద్దు వాలినాక దోమతెర తప్పనిసరి. డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఎండ తగిలితే చర్మం మీద దద్దుర్లు రేగే అవకాశం ఉన్నది కాబట్టి బయటికి వస్తే పొడుగు చేతుల చొక్కా, గొడుగు ఉండాలి. ఇంట్లో బీడీ, సిగరెట్టు పొగ బొత్తిగా పనికిరాదు.

తిండి సంగతి

బతికినన్నాళ్లు ఇలాగే అని కాదు గాని, మందులు తగ్గేవరకు తిండిలో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. అప్పుడే వండిన వేడి తిండి పెట్టాలి. రాత్రి మిగిలిన సంగటి, చద్దన్నం పెట్టరాదు. నీళ్లు బోరువైనా, క్యానువైనా తెర్లకాచి, చల్లార్చి, మూత పెట్టి వాడాలి. పాలు పొంగు వచ్చేదాకా కాచాలి. పితికిన పాలు పచ్చివిగా తాగరాదు. గుడ్డు గట్టిగా ఉడకాలి. కోడికూర, చేప పూర్తిగా ఉడకాలి. పచ్చి ఉల్లిగడ్డ, కడగని ఆకులు, పచ్చి కొత్తిమీర కారం, బజారు బజ్జీలు, చెరకు రసం మానుకోవాలి. మిరియాలపొడి వంటివి దించిన తరువాత చల్లకుండా ఉడికేటప్పుడే వేయాలి. అరటి వంటి మందపు తొక్క పండ్లను కడిగి, తొక్క తీసి పెట్టవచ్చు. పెరుగు, ఊరగాయ, ప్రసాదాల విషయంలో ఒక్కో ఆసుపత్రి ఒక్కో విధంగా చెబుతుంది. ఎవరికి ఇచ్చిన కాగితం వారు పాటించడమే మంచిది.

ఒక పండు గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. పంపరపనస తింటే సైక్లోస్పోరిన్ మోతాదు రక్తంలో ఒక్కసారిగా పెరిగిపోయే ప్రమాదం ఉన్నది. అది మంచి పండే అయినా ఈ మందు వాడేవారికి విషంతో సమానం.

మందుల వల్ల నోటికి రుచి ఉండదు. మొదటి నెలల్లో ఆ యువకునికి అన్నం మట్టి తిన్నట్టు ఉండేదట. పళ్లెం నిండా పెట్టి "తిను, తిను" అని పోరు పెడితే వాంతి చేసుకునేవాడు. ఆ తల్లి ఉపాయం మార్చారు. రెండు గంటలకు ఒకసారి నాలుగు ముద్దలు, పలుచటి రాగి జావ, ఉడికించిన గుడ్డు. "కడుపు నిండా తినలేదే అని నేను ఏడ్చేది మానుకుంటిని. వాడు తినేది మొదులుపెట్టినాడు" అన్నారామె.

గడియారం చూసి మందు

సైక్లోస్పోరిన్ వంటి మందును 12 గంటల తేడాతో ప్రతి రోజూ ఒకే సమయానికి వేసుకోవాలి. ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తపోటు పెరుగుతుంది. తక్కువైతే దాత కణాలు తిరగబడతాయి. రక్త పరీక్షకు పోయే రోజున పొద్దుటి మాత్ర వేసుకోకుండా వెంట తీసుకుపోయి, రక్తం ఇచ్చిన తరువాతే వేసుకోవాలి. అలా చేయకపోతే పరీక్ష లెక్క తప్పుతుంది. ఆ ఇంట్లో గోడకు ఒక క్యాలెండరు తగిలించి, మాత్ర వేసిన ప్రతి పూటా పెన్నుతో గీత పెడుతున్నారు. తల్లికి చదువు రాదు. గీత పెట్టేది ఆమే.

ఈ మందు వల్ల ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు ఎక్కువగా పెరగవచ్చు. చిగుళ్లు ఉబ్బవచ్చు. స్టెరాయిడ్ మాత్రలు వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. అది చూసి కొందరు "బాగా ఒళ్లు చేసినాడే, ఇంకేం జబ్బు?" అని, మరికొందరు "ఏమిరా ఇట్లయిపోతివి?" అని అంటుంటారు. రెండు మాటలూ ఆ పిల్లవానిని నొప్పించేవే. మందు తగ్గే కొద్దీ ఆ మార్పులూ తగ్గుతాయి.

దీనికి తోడు నాటుమందు, ఆకు పసరు, బలం టానిక్కు వంటివి ఎంత నమ్మకస్తులు ఇచ్చినా వాడరాదు. కొన్ని ఈ మందులతో కలిసి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

జ్వరం వచ్చిన రాత్రి

అయిదో నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు ఆ యువకునికి చలి పుట్టింది. థర్మామీటరు పెడితే 101 డిగ్రీలు. మూలుగ మార్చిన వారికి 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకూడదు. తండ్రి కంగారులో ఊళ్లో సూది వేసే ఆయనను పిలుచుకు వచ్చారు. ఆయన మంచి మనసుతోనే నొప్పుల సూది తీశారు. తల్లి అడ్డం నిలబడి "అన్నా, నీకు దండం పెడతా, వేయొద్దు" అన్నారట.

ఆమె చేసింది సరైన పని. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవారికి కండలో సూది వేస్తే లోపల రక్తం గడ్డకట్టి వాస్తుంది. నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి సైక్లోస్పోరిన్‌తో కలిస్తే మూత్రపిండాలకు ప్రమాదం. జ్వరం మాత్ర వేసినా పైకి జ్వరం తగ్గినట్టు కనిపించి లోపల క్రిమి పెరిగిపోవచ్చు. కనుక ముందు ఆసుపత్రికి ఫోను చేయాలి, వారు చెప్పాకే ఏ మాత్ర అయినా వేయాలి.

అంతకు నెల ముందు ఆ యువకుని చినాయన సంచీ నిండా పండ్లు తెచ్చి, వాకిట్లోనే ఆపివేశారని అలిగి వెళ్లిపోయారు. ఆ రాత్రి ఫోను చేస్తే ఆయనే ఊళ్లో కారు మాట్లాడి, ముందు సీటులో కూచుని వేలూరు దాకా తోడు వెళ్లారు. రక్తంలో క్రిమి చేరిందని అక్కడ తేలింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచి నయం చేసి పంపారు. పొద్దున చూద్దామని ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని వైద్యులు అన్నట్టు ఆయనే చెప్పారు. "ఆ పొద్దు నన్ను వాకిట్లో నిలబెట్టినందుకు మా వదిన మీద కోపం వచ్చింది. ఇప్పుడు నేనే వాకిట్లో నిలబడి వచ్చేవాళ్లను ఆపుతా ఉండా" అన్నారాయన.

జ్వరం ఒక్కటే కాదు. అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి దద్దుర్లు, ఆగని విరేచనాలు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే దాత కణాలు తిరగబడుతున్నాయని అనుమానించాలి. దగ్గు, ఆయాసం, నోట్లో పుండ్లు, మూత్రంలో గాని మలంలో గాని రక్తం, విపరీతమైన తలనొప్పి, ఒంటి మీద నీటి పొక్కులు, వీటిలో ఏది వచ్చినా ఆ పూటే ఫోను చేయాలి. రాత్రిపూట వాహనం ఎవరిదో, ఎవరు తోడు వస్తారో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆసుపత్రి నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.

మరొక ముఖ్య విషయం. దాత రక్తం గ్రూపు వేరైతే క్రమంగా రోగి గ్రూపు కూడా దాత గ్రూపుగా మారిపోతుంది. ఈ యువకునిది ఓ పాజిటివ్, అక్కది బి పాజిటివ్. ఇప్పుడు ఇతనిది కూడా బి పాజిటివ్ అయినది. మధ్యకాలంలో పాత కాగితం చూసి రక్తం ఎక్కిస్తే ప్రమాదం. పైగా వీరికి ఎక్కించే రక్తాన్ని ముందుగా రేడియేషన్‌తో శుద్ధి చేయవలసి ఉంటుంది. కాబట్టి దారిలో ఏ ఆసుపత్రికి పోవలసి వచ్చినా "మూలుగ మార్పిడి అయినది" అని మొట్టమొదట చెప్పాలి. ఆసుపత్రి ఇచ్చిన కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి.

అమ్మవారు పోస్తే దాచవద్దు

పల్లెల్లో ఆటలమ్మ పోసిన ఇంటివారు బయటికి చెప్పరు. వేపాకు కట్టి ఊరుకుంటారు. నమ్మకం ఎవరిది వారిది. కాని ఆ వీధిలో మూలుగ మార్చిన రోగి ఉంటే మాత్రం ఆ ఇంటికి కబురు పెట్టడం ధర్మం. రోగి ఆ గాలికి గురైనట్టు తెలిస్తే వెంటనే వాడవలసిన మందులు ఉన్నాయి. ఆలస్యమైతే వాటి ఫలితం తగ్గిపోతుంది. తట్టు విషయంలోనూ అంతే.

చిన్నప్పుడు వేయించిన టీకాల బలం కూడా పాత మూలుగతో పాటే చాలావరకు పోతుంది. ఆరు నెలల నుంచి ఏడాది తరువాత వైద్యులు చెప్పినప్పుడు మళ్లీ మొదటి నుంచి వేయించుకోవాలి. తట్టు, ఆటలమ్మ వంటి బతికిన క్రిమి టీకాలు మాత్రం రెండేళ్లు నిండి, మందులు ఆపిన తరువాతే. ఇంట్లో ఉన్న పెద్దలు ఫ్లూ టీకా వేయించుకోవడం మంచిది. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే పోలియో చుక్కల సంగతి ముందే వైద్యునికి చెప్పాలి. చుక్కలు వేసిన బిడ్డ మలంలో కొన్ని వారాల పాటు ఆ క్రిమి వస్తుంది. ఆ బిడ్డకు చుక్కలకు బదులు సూది వేయించే వీలున్నదేమో అడగాలి. అంతేగాని బిడ్డకు టీకా మానిపించడం సరికాదు.

మొక్కు ఎక్కడికీ పోదు

మనుమడు బతికి వస్తే తిరుమల కొండకు నడిచి పోయి తలనీలాలు ఇప్పిస్తానని అవ్వ మొక్కుకున్నది. ఇంటికి వచ్చిన మూడో రోజే ప్రయాణం కడదామన్నది. అంత జనంలోకి పోతే ఏమవుతుందో, కత్తి గాటు పడితే ఏమవుతుందో ఎవరు చెప్పినా వినలేదు. చివరకు మనుమడే "అవ్వా, నా తలనీలాలు వేలూరులోనే రాలిపోయినాయి. మళ్లీ మొలిచినాక స్వామికి ఇస్తా, కొత్తవి" అన్నాడు. అవ్వ ఇక మాట్లాడలేదు. ఊరి గంగమ్మ జాతర రోజున కూడా అతను మేడ మీద నుంచే చూశాడు. నైవేద్యం తినలేదు.

వయసులో ఉన్న పిల్లవానికి ఎనిమిది నెలలు గదిలో ఉండటం జైలుతో సమానం. తోటివారు కాలేజీకి పోతుంటారు. చిన్న మాటకే కోపం వస్తుంది. కొన్ని రోజులు ఎవరితోను మాట్లాడడు. ఒంట్లో సత్తువ లేక పది మెట్లు ఎక్కితే కూచోవాలనిపిస్తుంది. ఇది సోమరితనం కాదు, జబ్బు ముదరడమూ కాదు. చాలామందికి నెలల తరబడి ఈ నీరసం ఉంటుంది. రోజుకు నాలుగు అడుగులు ఎక్కువ నడిపించాలి గాని మంచం దిగనీయకుండా ఉంచరాదు. ఇతని స్నేహితులు ముగ్గురు సాయంత్రం పూట మేడ కింద వీధిలో నిలబడి అరగంట కబుర్లు చెప్పి పోతారు. పాఠాలు ఫోనులో పంపుతారు. "వాళ్లు రాని దినం నాకు రెండు మాత్రలు మరిచిపోయినట్టు ఉంటుంది" అని అతను నవ్వుతూ అన్నాడు.

దాత మనసు గురించి ఎవరూ ఆలోచించరు. తమ్మునికి దద్దుర్లు వచ్చినప్పుడు "నా మూలుగే వాడిని బాధ పెడతా ఉంది" అని అక్క కుమిలిపోయిందట. అది ఆమె తప్పు కానే కాదని, సరిపడిన మూలుగలో కూడా అలా జరగవచ్చని వైద్యులు చెప్పాకే ఆమె కుదుటపడింది.

సేవ చేసేవారికి ఎవరు సేవ?

ఈ కుటుంబానికి రెండు జెర్సీ ఆవులే నెలనెలా చేతికి డబ్బు వచ్చే ఆధారం. తల్లి వేలూరులో ఉన్నంతకాలం పక్కింటి ఆమె రెండు పూటలా పాలు పితికి డెయిరీకి పోశారు. ఇంటికి వచ్చాక కూడా ఆ పని ఆమే చేస్తున్నారు. కొట్టం చేతులతో రోగిని తాకకూడదని ఆమెకు తెలుసు. పాల డబ్బులో సగం తీసుకోమంటే మొదట వద్దన్నారు, తరువాత ఒప్పుకున్నారు. "ఒక నెల అయితే ఊరికే చేయొచ్చు. ఏడాది చేయాలంటే లెక్క ఉంటేనే ఇద్దురికీ మర్యాద" అన్న ఆమె మాట గమనించదగ్గది.

రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉన్న తల్లి నాలుగో నెలలో కళ్లు తిరిగి పడిపోయారు. నిద్ర లేదు, వేళకు తిండి లేదు. అప్పటినుంచి వారానికి ఒక రోజు అక్క వచ్చి ఉంటున్నది. ఆ రోజు తల్లి మరో గదిలో తలుపు వేసుకుని పడుకుంటారు. సేవ చేసే మనిషి పడిపోతే రోగికి దిక్కు ఎవరు? కాబట్టి ఆమెకు విశ్రాంతి ఇవ్వడం కూడా వైద్యంలో భాగమే. ఆమెకు జలుబు చేస్తే ముక్కుకు గుడ్డ కట్టుకుని, వీలైతే ఇంకొకరికి పని అప్పగించాలి. అందుకే ఇంట్లో ఇద్దరికైనా మందుల లెక్క తెలిసి ఉండాలి.

ఖర్చు మార్పిడితో ఆగదు. పరీక్షలు, మందులు, రాకపోకలు సాగుతూనే ఉంటాయి. తలసీమియా పిల్లల మార్పిడికి కోల్ ఇండియా సంస్థ 2017లో తలసీమియా బాల సేవా యోజన ప్రారంభించి, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు సాయం అందించింది. తరువాత ఎప్లాస్టిక్ ఎనీమియాను కూడా అందులో చేర్చారు. వయసు, ఆదాయం, ఆసుపత్రి విషయంలో నిబంధనలు ఉన్నాయి. రాష్ట్ర ఆరోగ్య పథకం, ముఖ్యమంత్రి సహాయనిధి గురించి ఆసుపత్రిలోని సాంఘిక సేవా విభాగం వారిని చికిత్సకు ముందే విచారించుకోవాలి. బిల్లులన్నీ దాచిపెట్టుకోవాలి.

ఇరుగుపొరుగు చేయదగ్గవి

చూడాలనిపిస్తే ఫోను చేయండి. వాకిలి బయటే పలకరించండి. జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు ఉంటే ఆ వీధికే పోవద్దు. పండ్లు, పిండివంటలు పంపేకంటే వారి చేనుకు ఒక తడి నీళ్లు కట్టండి. ఆవులకు గడ్డి వేయండి. మందులు తెచ్చిపెట్టండి. వేలూరు ప్రయాణానికి తోడు రండి. పక్కన చెత్త తగలబెట్టకండి. డ్రమ్ముల్లో నీళ్లు నిలవ ఉంచి దోమలు పెంచకండి. ఆ ఇంటివారు వాకిట్లోనే ఆపివేస్తే అలగకండి.

అన్నీ సవ్యంగా ఉంటే రానున్న నెలల్లో ఆ యువకునికి సైక్లోస్పోరిన్ మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. తగ్గించేటప్పుడు కూడా జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. జూన్‌లో కాలేజీకి పోవాలని అతని ఆశ. వైద్యులు ఇంకా మాట ఇవ్వలేదు. తల్లి మాత్రం రోజుకు రెండు గీతల లెక్కన క్యాలెండరు నింపుతూనే ఉన్నారు. పక్కింటి ఆమె తెల్లవారుజామున పాల క్యాను తీసుకుని, వాకిలి తట్టకుండా, కొట్టం వైపు నుంచే వచ్చి పోతున్నారు.